అవగాహన లేని ప్రయాణికుడు

ఆ విందులో ఒక్క కేకు ముక్క పెట్టి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు.

బస్సుల సంస్థకి ఎండీగారొకరు ఉండేవారు. పెద్ద చదువు, పెద్ద గొంతు, పెద్ద కారు. ఆయన ఏదో మహానగరంలో రవాణా సదస్సుకి వెళ్తే, అక్కడి విందులో ఒక విదేశీ పెద్దమనిషి ఆయన భుజం తట్టి, మీలాంటి సమర్థులకి ఇన్ని బస్సులు నడపడం పీస్ ఆఫ్ కేక్ కదా అన్నాడు. కేకు పెట్టిస్తున్నాడు కాబోలనుకుని ఎండీగారు పెరుగన్నం కూడా మానేసి కూచున్నారు. వడ్డించేవాళ్ళు గిన్నెలు సర్దేశారు, బల్లలు మడిచేశారు. కేకు రాలేదు. ఆగలేక వెళ్ళి “నా కేకు ముక్కేదండీ?” అని ఆ పెద్దమనిషినే అడిగారు. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ మాటకి ‘చాలా తేలిక పని’ అని అర్థమని, కారెక్కాక పీఏ చెవిలో చెప్పాడు.

మామూలు మనిషైతే సిగ్గుపడి దుప్పటి ముసుగెట్టి పడుకునేవాడు. ఎండీగారికి సర్క్యులర్లు ఇచ్చే అధికారం ఉంది. తనకి జరిగిన అవమానం తన బస్సెక్కే ఏ ఒక్కరికీ జరగకూడదని ఆ మర్నాడే కాగితం మీద పెట్టేశారు.

“ప్రయాణికుని ఒక ఊరి నుండి మరొక ఊరికి చేర్చుట మాత్రమే సంస్థ ధ్యేయము కాదు. అజ్ఞానము నుండి అవగాహనకు చేర్చుటయే అసలైన ప్రయాణము. కావున ఇకపై ప్రతి టిక్కెట్టు మీద ఒక ఇంగ్లీషు ఇడియం ముద్రింపబడును. దాని అర్థమును కండక్టరు వివరించవలెను. చెకింగు సిబ్బంది టిక్కెట్టుతోపాటు అర్థమును కూడా తనిఖీ చేయవలెను. అర్థము చెప్పలేని వ్యక్తి అవగాహన రహిత ప్రయాణికునిగా పరిగణింపబడి, తదుపరి స్టాపులో దింపివేయబడును.”

ఈ కాగితం అన్ని డిపోలకీ వెళ్ళినట్టే, గోదావరి పాయ పక్కనున్న ఓ చిన్న డిపోకీ వెళ్ళింది. అక్కడి కండక్టరు కొప్పిశెట్టి సత్యవేణి దాన్ని రెండుసార్లు చదువుకుంది.

సత్యవేణిది తామరలంక డ్యూటీ. తెల్లారగట్ల లంకలో బయల్దేరే మొదటి బస్సు. అది బస్సనుకుంటే పొరపాటు, కదిలే సంత. చేపల బుట్టలు, వంకాయల గంపలు, బంతిపూల మూటలు, పాలక్యాన్లు, వాటి సందుల్లో ఇరుక్కుని ఆడవాళ్ళు. పట్నం మార్కెట్టులో బేరాలు మొదలయ్యే వేళకి ఆ బస్సు చేరితేనే వాళ్ళ సరుకు అమ్ముడుపోతుంది, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. రెండో బస్సుకి వస్తే చేప మెత్తబడుతుంది, పువ్వు వాడిపోతుంది. సత్యవేణి పుట్టింది ఆ లంకలోనే. బస్సు లేని రోజుల్లో వాళ్ళమ్మ నెత్తిన గంపతో ఏటిగట్టు వెంబడి నడిచి నడిచి మోకాళ్ళు అరగదీసుకుంది. అందుకే ఆ బస్సంటే సత్యవేణికి ప్రాణం. ఎవరైనా దాని తలుపు గట్టిగా వేసినా ఊరుకునేది కాదు.

“ఏటమ్మా సత్తేణీ, టిక్కెట్టు మీద ఇదేటి, బూతు రాశారా?” అని అడిగింది చేపల నూకరత్నం మొదటిరోజు. లంక ఆడవాళ్ళందరికీ పెద్ద దిక్కు ఆవిడ. గొంతెత్తితే అవతలి గట్టు మీద గేదెలు కూడా తలెత్తి చూస్తాయి.

“బూతు కాదు పిన్నీ, ఇంగ్లీషు. బ్రేక్ ద ఐస్ అని.”

“అంటే?”

సత్యవేణి సంస్థ పంపిన అర్థాల పుస్తకం తీసింది. ఆ పుస్తకం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇడియమ్ములకి అర్థాలు రాయించడానికి సంస్థ టెండర్లు పిలిచింది. ఇంగ్లీషు పండితులు కొందరు వేశారు, వాళ్ళ రేటు ఎక్కువైంది. అందరికంటే తక్కువకి వేసినవాడు బస్సు సీట్లకి రెక్సిన్ కుట్టే కాంట్రాక్టరు. మాటకి మాట లెక్కన అర్థం కొలిచి కుట్టి ఇచ్చేశాడు. ఎండీగారు మొదటి పేజీలో తన ఫొటో బాగా పడిందో లేదో చూసుకుని, ‘ఇందలి అర్థములే సంస్థ ఆమోదించిన అంతిమ అర్థములు’ అని సంతకం చేసేశారు.

“మంచుగడ్డను పగలగొట్టుట,” అని చదివింది సత్యవేణి.

“ఓసి నీ ఇల్లు బంగారం గానూ! రోజూ నేను సేసే పనే గదా. ఐసు పగలగొట్టకుండా సేప ఎలా ఉంటాది? దీనికి ఇంగ్లీషెందుకే?”

ఆ వెనక సీట్లో సాల్మన్‌రాజు మాస్టారు ఉలిక్కిపడ్డారు. ఆయన పట్నంలో జూనియర్ కాలేజీ ఇంగ్లీషు లెక్చరరు, నెమ్మదస్తుడు. కొత్తమనిషితో బెరుకు పోగొట్టి మాట కలపడాన్ని అలా అంటారని ఆయన ఎంతో మర్యాదగా వివరించారు. బస్సంతా విని, ఐసుకీ బెరుకుకీ ఏం సంబంధమని జాలిగా ఆయన వైపు చూసింది.

ఆ వారంలోనే వంతెన దగ్గర చెకింగ్ ఇన్‌స్పెక్టరు పుండరీకాక్షుడు బస్సెక్కాడు. పదేళ్ళుగా టిక్కెట్టు లేనివాళ్ళని పట్టుకుని పట్టుకుని, మనిషిని చూస్తే దొంగేనని నమ్మే స్థితికి వచ్చినవాడు.

“టిక్కెట్లు, అర్థాలు! టిక్కెట్లు, అర్థాలు!” అంటూ ముందు సీటు నుంచి మొదలెట్టాడు.

బంతిపూల ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. దించాడు. పాలక్యాను పెద్దాయన, అర్థం తెలీదు గానీ కావాలంటే పాలు పోస్తానన్నాడు. దించాడు. వంకాయల గంపలు నాలుగు దిగిపోయాయి, వాటితోపాటు వాటి యజమానురాళ్ళు. మళ్ళీ అదే ఇడియం పడ్డ నూకరత్నం మాత్రం మంచుగడ్డ పగలగొట్టి మరీ నిలబడింది. మాస్టారి వంతొచ్చింది. ఆయన టిక్కెట్టు మీద వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ అని ఉంది.

“చాలా అరుదుగా అని అర్థమండి.”

పుండరీకాక్షుడు పుస్తకం తిరగేశాడు. “తప్పు. నీలి చంద్రుడు వచ్చినప్పుడు ఒకసారి.”

“అదేమిటండీ! నేను పాతికేళ్ళుగా ఇంగ్లీషు పాఠం చెబుతున్నాను.”

“అయితే పాతికేళ్ళుగా పట్టుబడలేదన్న మాట. దిగండి.”

మాస్టారు గొడుగుతో సహా వంతెన మీద దిగిపోయారు. ఎర్రబడిన మొహంతో ఆయన అలా నిలబడిపోతే సత్యవేణి ఫుట్‌బోర్డు మీంచి వెనక్కి చూస్తూనే ఉంది. ఆ తర్వాత ఆయన బస్సెక్కడం మానేసి, ఓ పాత సైకిలు కొనుక్కున్నారు.

డిపో మేనేజరు ప్రసన్నాంజనేయులు సత్యవేణిని పిలిపించాడు. ఆయనకి మామూలుగా మాట్లాడటం ఎప్పుడో మరుపొచ్చేసింది. ఇంట్లో భార్యని కూడా ‘సదరు కాఫీ ఇంకనూ అందలేదు’ అని అడుగుతాడని డిపోలో చెప్పుకుంటారు.

“మీ రూటు యొక్క అవగాహన శాతము మిక్కిలి ఆందోళనకరముగా ఉన్నది. సగముకన్న తక్కువ ఉన్న రూట్లను రద్దు పరచవలసినదిగా పైనుండి ఆదేశములు కలవు.”

“బస్సు నిండా జనం ఉంటారండీ! ఫుట్‌బోర్డు మీద కూడా ఖాళీ ఉండదు.”

“జనము ఉండుట వేరు, అవగాహన ఉండుట వేరు. నెలాఖరు వరకు గడువు ఇవ్వడమైనది.”

సత్యవేణి ఆ సాయంత్రమే లంకకి వెళ్ళి నూకరత్నం అరుగు మీద కూలబడింది. సంగతి వినగానే ఆవిడ చీర కొంగు బిగించింది.

“బస్సు పోతే మనకి బతుకు లేదు. ఎన్ని ముక్కలున్నాయే ఆ పుస్తకంలో? సదువు, నేర్సేసుకుంటాం. ఇన్ని రకాల సేపల పేర్లు పట్టిన బుర్రలు, ఈ ముక్కలు పట్టవా?”

ఇక చూడాలి ఆ బస్సుని! ఇంజను మొదలైన దగ్గర్నుంచి పట్నం పొలిమేర దాకా సత్యవేణి ముందు నిలబడి చదవడం, ఆడవాళ్ళంతా ఎత్తుకోవడం. రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ అని ఆవిడ అంటే, “పిల్లులునూ కుక్కలునూ కురియుచున్నవీ!” అని బస్సు కప్పు ఎగిరిపోయేలా కోరస్. అసలైతే కుండపోత వాన అని చెప్పాలి. ఆ ముక్క అప్పటికి సైకిలు మీద వెళ్తున్న మాస్టారికి తప్ప ఎవరికీ అక్కర్లేదు. కాస్ట్ ఎన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్ అంటే చచ్చేంత ఖరీదనట. పుస్తకం మాత్రం ‘ఒక చెయ్యి, ఒక కాలు ధరగా గలది’ అని సెలవిచ్చింది. నూకరత్నం దాన్ని మార్కెట్టుకి పట్టుకుపోయి, “చెయ్యీ కాలూ అడగట్లేదు బాబూ, నూటయాభైకే కొర్రమీనూ!” అని కేకెయ్యడం మొదలెట్టింది. డ్రైవరు గణేశ్వర్రావుకి కూడా అన్నీ వచ్చేశాయి. గేరు మార్చినప్పుడల్లా ఒకటి వదిలేవాడు.

నెలాఖరుకి పుండరీకాక్షుడు మళ్ళీ ఎక్కాడు. ఆ చివర నుంచి ఈ చివరిదాకా అడిగాడు. ఒక్కరు తప్పితే ఒట్టు. పాలక్యాను పెద్దాయన అయితే అడగని వాటికి కూడా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు మొహం పాలిపోయింది. దించడానికి మనిషి దొరక్క చివరికి తనే దిగిపోయాడు. అర్థం చెప్పిన ప్రతివాళ్ళకీ సంస్థవాళ్ళు ‘అవగాహన కార్డు’ ఇచ్చారు. నూకరత్నం దాన్ని తాళిబొట్టు పక్కన కట్టుకుంది.

ఈసారి మేనేజరు సత్యవేణిని పిలిచి కుర్చీ చూపించాడు. కుర్చీ చూపించాడంటేనే ఆవిడకి అనుమానమొచ్చింది.

“అభినందనలు. తామరలంక రూటు సంపూర్ణ అవగాహన సాధించినది. వచ్చే సోమవారము ఎండీగారు స్వయముగా విచ్చేసి, ధ్రువీకరించి, సదరు సర్వీసును రద్దు పరచెదరు.”

“రద్దా? అదేంటండీ బాబూ! అందరికీ అన్నీ వచ్చేసినయ్యి కదండీ!”

“అందుకే.” మేనేజరు కళ్ళజోడు సవరించుకుని కాగితం చదివాడు. “సంపూర్ణ అవగాహన సాధించిన మార్గములందు సర్వీసు యొక్క ఉద్దేశము నెరవేరినందున, సదరు బస్సును అజ్ఞాన మార్గములకు మళ్ళించవలెను. ఒక్క ప్రయాణికుడైనను అవగాహన రహితుడుగా మిగిలియున్నంత వరకు సర్వీసు కొనసాగించవలెను. మీ వద్ద అట్టివారు ఎవరునూ మిగలలేదు. చాలా శ్రమించినారు.”

సత్యవేణికి ఒళ్ళు మండిపోయింది. “తెలీకపోతే తీసేస్తామన్నారు, నేర్చుకుంటే తీసేస్తామంటున్నారు. ఎంత తెలిస్తే ఉంచుతారండీ మా బస్సు?”

“అది విధానపరమైన ప్రశ్న. మన స్థాయిది కాదు.”

ఈ కబురు విని లంకలో ఆడవాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. నూకరత్నం మాత్రం తేలిగ్గా తీసిపారేసింది. “ఓస్, ఇంతేగా! సోమారం నన్నడిగితే నాకేం తెల్దని సెప్పేత్తాను.”

“కుదరదు పిన్నీ. ఒకసారి కార్డు పుచ్చుకున్నాక తెలీదంటే సంస్థని మోసం చేసినట్టట. కేసు పెడతారు.”

“అయితే కార్డు లేని కొత్త మనిషిని ఎక్కించు.”

“ఎక్కడినుంచి తేను? లంకలో కార్డు లేనివి మేకలే.”

ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. కార్డు లేని మనిషి ఒకరున్నారు! పరుగున వెళ్ళేసరికి సాల్మన్‌రాజు మాస్టారు వాకిట్లో సైకిలు చెయిను ఎక్కించుకుంటున్నారు.

“మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. సోమవారం బస్సెక్కి, మీకొచ్చిన అసలైన అర్థం చెప్పండి, చాలు,” అంది సత్యవేణి. “పుస్తకం ప్రకారం అది తప్పే అవుతుంది. మీరొక్కరు అజ్ఞానిగా ఉంటే లంక బతుకుతుంది.”

మాస్టారు చేతులకంటిన నూనె తుడుచుకున్నారు. ఆ వంతెన మీద దించేసిన సంగతి కాలేజీ దాకా వెళ్ళింది. ఇంగ్లీషు రాని లెక్చరరని ప్రిన్సిపాలు మెమో ఇచ్చాడు. ఇంకొక్కసారి అలా జరిగితే ఇంటికి పంపేస్తానన్నాడు. ఆ మాట ఆయన సత్యవేణికి చెప్పలేదు. “వస్తానమ్మా,” అన్నారు.

సోమవారం బస్సుకి మామిడి తోరణాలు కట్టారు. ఎండీగారు వచ్చారు, వెనకాల మేనేజరు, ఇన్‌స్పెక్టరు, ఫొటోగ్రాఫరు. అందరితోపాటు కాలేజీ ప్రిన్సిపాలు కూడా దండ పట్టుకుని వచ్చాడు. సత్యవేణికి ఆయనెందుకొచ్చాడో తెలీలేదు. మాస్టారికి తెలిసింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

“నేనూ సామాన్య ప్రయాణికుడినే! నాకూ ఒక టిక్కెట్టు!” అన్నారు ఎండీగారు కెమెరా వైపు తిరిగి. సత్యవేణి కొట్టి ఇచ్చింది. ఫొటో తీశారు. సరిగ్గా రాలేదంటే మళ్ళీ ఇచ్చినట్టు, మళ్ళీ పుచ్చుకున్నట్టు తీశారు.

బస్సు కదిలింది. పుండరీకాక్షుడు వరసగా అడుగుతూ వచ్చాడు. నూకరత్నం చెప్పింది. బంతిపూల ఆవిడ చెప్పింది. తప్పు చెప్పడానికి వీల్లేక, ఒప్పు చెప్పడానికి మనసు రాక, ఒక్కొక్కరూ తమ బస్సుని తామే చంపుకుంటున్నట్టు చెప్పారు. ఆఖరికి మాస్టారి వంతు. టిక్కెట్టు మీద అండర్ ద వెదర్ అని ఉంది. ఒంట్లో నలతగా ఉంటే అనే మాట. అందరూ ఆయన వైపు తిరిగారు.

మాస్టారు సత్యవేణిని చూశారు. దండ పట్టుకున్న ప్రిన్సిపాల్ని చూశారు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు, చదువుకుంటున్నారు.

“వాతావరణము... వాతావరణము క్రింద నుండుట,” అన్నారు తల వంచుకుని.

“కరెక్ట్!”

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. సత్యవేణికి ఆయన మీద కోపం కూడా రాలేదు, జాలేసింది. పాఠం చెప్పుకుని బతికేవాడి చేత అబద్ధప్పాఠం చెప్పించారు కదా అని గుండె తరుక్కుపోయింది. మేనేజరు మాత్రం హుషారుగా రద్దు ఉత్తర్వు తీసి, కలం మూత విప్పి ఎండీగారి చేతికిచ్చాడు.

“ఆగండి!” అంది సత్యవేణి.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అయినా ఆగలేదు. “బస్సులో టిక్కెట్టున్న ప్రతీ మనిషినీ అడగాలని కదండీ రూలు? ఇంకొకరు మిగిలిపోయారండీ. అయ్యగారు.”

మేనేజరు కలం మూత జారవిడిచాడు. “ఏమి ప్రేలాపన! సదరు...”

“ఉండవయ్యా,” అన్నారు ఎండీగారు చెయ్యెత్తి. ఆయన మొహం వెలిగిపోతోంది. కేకు సంగతి జరిగిన దగ్గర్నుంచీ ఇంట్లో ట్యూషన్ మాస్టర్ని పెట్టుకుని రాత్రింబవళ్ళు నేర్చుకున్నారు మరి. అడిగేవాళ్ళు లేక ఆ చదువంతా కడుపులో గుడగుడలాడుతోంది. “అడగనీ! పైనుంచి కిందిదాకా అందరికీ ఒకటే రూలు. ఇదిగో నా టిక్కెట్టు. ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్. అంటే, నేను చెయ్యాల్సింది చేశాను, ఇక నిర్ణయం మీ చేతుల్లోనే ఉందని అర్థం!”

ఫొటోగ్రాఫరు చప్పట్లు కొట్టాడు. ప్రిన్సిపాలు కొట్టాడు. పుండరీకాక్షుడు అలవాటు కొద్దీ పుస్తకం తిరగేశాడు. పదేళ్ళ అలవాటు, నాలిక మీద అదుపుండదు.

“తప్పు. బంతి మీ యొక్క కోర్టులో ఉన్నది, పోయి తెచ్చుకొనవలెను. దిగం...”

ఆ ‘దిగండి’ సగం లోపలే ఉండిపోయింది.

“ఏ గాడిద రాశాడు ఆ అర్థం?” అని గర్జించారు ఎండీగారు.

ఇన్‌స్పెక్టరు మొదటి పేజీ తీసి చూపించాడు. ఎండీగారు తన ఫొటో చూసుకున్నారు. ‘అంతిమ అర్థములు’ చూసుకున్నారు. కింద తన సంతకం చూసుకున్నారు. అర్థం తప్పంటే సంతకం తప్పు, సంతకం ఒప్పంటే తను తప్పు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. వెనక సీట్లో సాల్మన్‌రాజు మాస్టారు తలెత్తారు. నవ్వాపుకోలేక చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇలాంటప్పుడే ప్రసన్నాంజనేయులులాంటివాళ్ళ విలువ తెలుస్తుంది. ఆయన ఎండీగారి చెవిలో కాసేపు సదరు, తదుపరి, యథాతథము అని ఏదో గొణిగి, రద్దు ఉత్తర్వు కొట్టేసి, ఆ కాగితం వెనకవైపే కొత్తది రాశాడు. బయటికి చదివాడు కూడా.

“తనిఖీయందు ఒక ప్రయాణికుడు అవగాహన రహితుడుగా తేలినాడు. పేరు, హోదా గోప్యము. సదరు ప్రయాణికునికి అవగాహన కలుగు వరకు తామరలంక సర్వీసును ఎట్టి పరిస్థితులయందును రద్దు పరచరాదు.”

ఎండీగారు తలెత్తకుండా సంతకం చేసి, తదుపరి స్టాపులో దిగిపోయారు. కారు వెనకాలే వస్తోంది కాబట్టి సరిపోయింది.

ఆ తర్వాత ఆయన ఆ బస్సే కాదు, ఏ బస్సూ ఎక్కలేదు. ఎక్కితేనే కదా మళ్ళీ అడిగేది, చెబితేనే కదా అవగాహన కలిగేది. తామరలంక మొదటి బస్సు మాత్రం తెల్లారగట్లే వస్తోంది, చేపలతో, వంకాయలతో, బంతిపూలతో. ఎక్కేముందు నూకరత్నం మెట్టుకి దణ్ణం పెట్టి, ఆ పెద్దాయన్ని తలుచుకుంటుంది.

“ఆ మారాజు సల్లగా ఉండాల తల్లీ. నిండు నూరేళ్ళూ బతకాల. ఆయనకి మటుకు ఏదీ తెలవకుండా ఉండాల.”